సెలక్షన్‌లో మావాణ్ణి తీసేశారు. ఇంతకీ స్కౌట్లు ఏం చూస్తారు?

లెగ్‌స్పిన్ నాన్న | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నాను.

మావాడు క్రికెట్‌లో లెగ్ స్పిన్ వేస్తాడు. మొన్న ఆగస్టులో పదమూడు నిండాయి. నిన్న అండర్-14 జిల్లా సెలక్షన్‌కి తీసుకెళ్ళాను. రెండు వందల మంది పైనే వచ్చారు. పొద్దున ఆరున్నరకి లైన్లో నిలబడితే పన్నెండున్నరకి పిలుపొచ్చింది. నెట్‌లో ఆరు బంతులు, అంతే. మొదటి రెండూ ఫుల్ టాస్ పడ్డాయి, చెమటకి బంతి జారింది. నాలుగోది మాత్రం లెగ్ స్టంప్ బయట పడి ఆఫ్ స్టంప్ మీది బెయిల్ ఎగరగొట్టింది. నేను వల ఇవతల నిలబడి చూశాను. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి సరిగ్గా ఆ బంతికి ఫోన్ చూసుకుంటున్నాడు.

తర్వాత ఒకాయన వచ్చి, "బాబు బాగా చిన్నగా ఉన్నాడండీ, బలం రావాలి, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటే వచ్చే ఏడాదికి మావాడికి వయసు దాటిపోతుందట. బస్సులో వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి బంతి కుట్టు మీద గోరుతో గీకుతూ కూర్చున్నాడు.

ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఈ సెలక్టర్లు, ప్రతిభ వెతికే స్కౌట్లు పిల్లల్లో ఏం చూస్తారు? ఆరు బంతుల్లో ఏం కనబడుతుంది?


రికమండేషన్ రాజా | ఆదివారం, రాత్రి 10:58

ఏం చూస్తారా? పిల్లాడి వెనకాల ఎవరున్నారో చూస్తారు. ఇక నిద్రపోండి సార్.


డ్రిల్లు మాస్టారు | సోమవారం, ఉదయం 5:50

రాజా గారూ, మీ మాటలో నిజం లేదని అనను. కానీ అది సగమే. ముప్ఫై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ బడుల్లో పీఈటీగా చేశాను. ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీలోనే నేనూ చాలాసార్లు కూర్చున్నాను.

రెండు వందల మందిని ఒక పూటలో చూడాలంటే కళ్ళు ఏం చేస్తాయో చెబుతాను. యాభయ్యో పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఆ తర్వాత ఎవరు పొడుగ్గా ఉంటే, ఎవరి బంతికి వల గట్టిగా చప్పుడు చేస్తే, అటే తిరుగుతాయి. చిన్న పిల్లాడు బంతిని గాల్లో ఎలా తేలుస్తున్నాడో (ఫ్లయిట్) చూసే ఓపిక అప్పటికి మిగలదు. ఇది చేసిన తప్పే, నేను కూడా చేశాను.

ఇంకొకటి. మనం ఒకే మాటగా వాడేస్తున్నాం కానీ సెలక్షన్ వేరు, స్కౌటింగ్ వేరు. జిల్లా సెలక్టరుకి వచ్చే నెల టోర్నమెంటు గెలిచే టీము కావాలి. గెలవకపోతే ఆయన్నే అడుగుతారు. అందుకని ఇవాళ ఎవరు పెద్దగా ఉన్నారో వాళ్ళని ఏరుకుంటాడు. స్కౌటుకి వచ్చే నెలతో పని లేదు. ఈ పిల్లాడు ఇరవై ఏళ్ళప్పుడు ఎలా ఉంటాడన్నది అతని లెక్క. మన దగ్గర ఈ రెండు పనులూ ఒకే మనిషి, ఒకే పూటలో, టీ తాగుతూ చేసేస్తున్నాడు. గొడవంతా అక్కడుంది.

మన కరణం మల్లీశ్వరి సంగతే చూడండి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. 1990లో బెంగళూరులో జాతీయ శిబిరానికి పిలుపొచ్చింది ఆమెకి కాదు, అక్కకి. అక్కకి తోడుగా వెళ్ళింది. అక్కడ ఒలింపిక్ చాంపియన్ లియోనిద్ తారనెంకో కంట్లో పడింది. పదేళ్ళకి సిడ్నీలో 110, 130 ఎత్తి మొత్తం 240 కిలోలతో కంచు పతకం. ఆమె పేరు ఆ శిబిరం లిస్టులోనే లేదు.


వాపుకి ఐస్ | సోమవారం, ఉదయం 9:15

నేను ఫిజియోథెరపిస్టుని. లెగ్‌స్పిన్ నాన్న గారూ, మూడు ప్రశ్నలు. బాబు పుట్టిన తేదీ? మీ ఎత్తు, మీ ఆవిడ ఎత్తు? ఈ ఏడాదిలో బాబు ఎత్తు ఎంత పెరిగాడో రాసిపెట్టారా?


లెగ్‌స్పిన్ నాన్న | సోమవారం, మధ్యాహ్నం 1:30

ఆగస్టు 22. నేను 168 సెంటీమీటర్లు, మా ఆవిడ 152. బాబు ప్రస్తుతం 146. ఎంత పెరిగాడో రాయలేదండీ. బూట్లు మాత్రం ఈ ఏడాదిలో రెండుసార్లు మార్చాం.


వాపుకి ఐస్ | సోమవారం, రాత్రి 9:40

అనుకున్నాను. ఆగస్టు అనగానే సగం జవాబు దొరికేసింది.

మన క్రికెట్‌లో వయసు గ్రూపులకి కటాఫ్ సెప్టెంబర్ 1. అంటే మీవాడితో పాటు లైన్లో నిలబడ్డ పిల్లల్లో, కిందటేడు సెప్టెంబర్‌లోనే పదమూడు నిండినవాళ్ళున్నారు. మీవాడికి ఈ ఆగస్టులో నిండాయి. కాగితం మీద ఒకే గ్రూపు, ఒంట్లో మాత్రం దాదాపు ఏడాది తేడా. నలభై ఏళ్ళవాడికి నలభై ఒకటివాడికి తేడా తెలియదు కానీ పదమూడేళ్ళప్పుడు ఏడాదంటే మాటలు కాదు. కెనడాలో హాకీ ఆడే పిల్లల పుట్టిన నెలలు 1980లలో లెక్కేసి చూస్తే, కటాఫ్ దాటిన మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా టీముల్లో తేలారు. అప్పటి నుంచి ఫుట్‌బాల్‌లో, క్రికెట్‌లో ఎక్కడ వెతికినా ఇదే కనబడింది. వాళ్ళు పుట్టుకతో మొనగాళ్ళేం కాదు. కాస్త ముందు పుట్టారు, కాస్త పెద్దగా కనబడ్డారు, సెలెక్టయ్యారు, మంచి కోచ్ దొరికాడు, ఎక్కువ మ్యాచ్‌లు ఆడారు. రెండేళ్ళకి నిజంగానే మెరుగయ్యారు.

రెండోది. మగపిల్లలు బాగా జోరుగా పెరిగేది పదమూడు, పద్నాలుగు మధ్య. ఆ జోరు మీద ఏడాదికి తొమ్మిది పది సెంటీమీటర్లు లాగుతారు. కొందరికి పన్నెండుకే వచ్చేస్తుంది, కొందరికి పదిహేను దాటాక. మీసం వచ్చిన పదమూడేళ్ళవాడూ, పాలబుగ్గల పదమూడేళ్ళవాడూ ఒకే నెట్‌లో బంతి వేస్తే కుర్చీలో ఆయన ఎవరిని రాసుకుంటాడో మాస్టారు చెప్పనే చెప్పారు.

తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, అబ్బాయికైతే 13 కలిపి, రెండుతో భాగించండి. అమ్మాయికైతే 13 తీసేయాలి. మీ లెక్క 166.5 వస్తుంది. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు, ఇదేం జాతకం కాదు. కానీ 166 అంటే సచిన్ కంటే ఎక్కువే.

పని ఒకటి చెబుతాను. బాబుని పీట మీద గోడకి ఆనించి కూర్చోబెట్టి నడినెత్తి దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. నిలబెట్టి ఇంకో గీత. మూడు నెలలకోసారి ఇలాగే. పెరిగేటప్పుడు ముందు కాళ్ళు సాగుతాయి, తర్వాత నడుము పైభాగం. నిలబడ్డ గీత గబగబా పైకి పోతూ, కూర్చున్న గీత అక్కడే ఉందంటే అసలు పెరుగుదల ఇంకా ముందుందని అర్థం. మంచి అకాడమీల్లో స్కౌట్లు పిల్లల కూర్చున్న ఎత్తు కొలిచేది ఇందుకే. ఆ రోజుల్లో కాళ్ళూ చేతులూ కొత్తగా పొడుగై లయ తప్పుతుంది. ఆర్నెల్ల క్రితం గురి చూసి కొట్టినట్టు లెంగ్త్ మీద వేసినవాడు ఉన్నట్టుండి ఫుల్ టాస్‌లు వేస్తాడు. మీరు చెమట అన్నారు, నాకు బూట్ల మీద అనుమానం.


జూన్ ఒకటి బ్యాచ్ | సోమవారం, రాత్రి 10:05

పుట్టిన నెల అంటే నవ్వొస్తోంది. మా తరంలో ఊళ్ళో సగం మంది జూన్‌లోనే పుట్టాం, హెడ్ మాస్టారి దయవల్ల. బడిలో చేర్చుకునే రోజుకి ఐదు నిండాలి కాబట్టి కలం ఎటు పోతే అటు. మా అమ్మ మాత్రం నేను దీపావళి ముందు పుట్టానంటుంది. అంటే నేను ఆడిన ప్రతి మ్యాచ్‌లో నాకంటే నేనే నాలుగైదు నెలలు పెద్దవాణ్ణి.


వాపుకి ఐస్ | సోమవారం, రాత్రి 10:20

హహ. ఇప్పుడు ఆస్పత్రి సర్టిఫికెట్లు వచ్చాయి కాబట్టి ఆ సరదా తగ్గింది. అనుమానమొస్తే ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. బీసీసీఐ వాడే పద్ధతి పేరు టీడబ్ల్యూ3. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. ఆలస్యంగా పెరిగే పిల్లాడికి ఎముకల వయసు తక్కువ చూపిస్తుంది, తొందరగా ఎదిగిన పిల్లాడు నిజం చెప్పినా ఎక్కువ చూపించొచ్చు.


సైట్‌స్క్రీన్ పక్కన | మంగళవారం, ఉదయం 7:10

ఇక నా వంతు. లీగ్ క్రికెట్ ఆడాను, మోకాలు పోయాక వీడియో అనలిస్టుగా రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లకి తిరుగుతున్నాను. స్కౌట్లతో కలిసి చాలా సమోసాలు తిన్నాను.

ఐపీఎల్ ఫ్రాంచైజీల స్కౌట్లు జిల్లా సెలక్షన్లకి సాధారణంగా రారు. వాళ్ళు తిరిగేది సయ్యద్ ముస్తాక్ అలీ, విజయ్ హజారే లాంటి దేశవాళీ టోర్నీలు, అండర్-19, అండర్-23 మ్యాచ్‌లు, రాష్ట్రాల సొంత టీ20 లీగ్‌లు. నచ్చినవాళ్ళని ట్రయల్స్‌కి పిలుస్తారు. అక్కడ ఊరికే నెట్స్ వేయించరు. "రెండు ఓవర్లలో 24 కావాలి, ఫీల్డ్ ఇది, వెయ్యి" అని పరిస్థితి పెట్టి చూస్తారు. నెట్ బౌలర్లుగా వచ్చే కుర్రాళ్ళ మీదా ఒక కన్ను ఉంటుంది. మన సిరాజ్ హైదరాబాద్‌లో నెట్ బౌలర్‌గా వేసేటప్పుడే భరత్ అరుణ్ కంట్లో పడ్డాడు. 2016-17 రంజీ సీజన్‌కి అరుణే హైదరాబాద్ కోచ్. ఆ సీజన్‌లో సిరాజ్ 41 వికెట్లు తీశాడు. 2017 ఐపీఎల్ వేలంలో కనీస ధర 20 లక్షల నుంచి 2.6 కోట్లకి వెళ్ళాడు. అంతకు ఏడాదిన్నర ముందు వరకూ ఎక్కువగా ఆడింది టెన్నిస్ బాల్‌తో.

బుమ్రా సంగతి అందరికీ తెలిసిందే. 2013లో ముస్తాక్ అలీ మ్యాచ్‌లో అప్పటి ముంబై కోచ్ జాన్ రైట్ చూశాడు, అదే ఏప్రిల్‌లో ముంబై ఇండియన్స్‌కి ఆడించారు. అప్పటికి బుమ్రా ఒక్క రంజీ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ యాక్షన్ పుస్తకంలో లేనిది. అలాంటి పిల్లాడు జిల్లా సెలక్షన్‌కి వస్తే "ముందు రన్నప్ సరిచేసుకో నాయనా" అని పంపేసేవాళ్ళే ఎక్కువ. రైట్ ఆ వంకర చూసి వదిలేయలేదు, ఆ వంకర వల్ల బ్యాటర్‌కి బంతి ఎంత ఆలస్యంగా కనబడుతోందో చూశాడు.

నా కళ్ళతో చూసిన ఒక పూట చెబుతాను, పేర్లు వద్దు. ఒక అండర్-19 మ్యాచ్. స్కౌటు టాస్‌కి గంట ముందే వచ్చాడు. టెంటులో కుర్చీ వేస్తామంటే వద్దని నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. వార్మప్‌లో ఎవరు ఎలా త్రో వేస్తున్నారో రాసుకున్నాడు. ఒక లెగ్ స్పిన్నర్ బౌలింగ్‌కి వచ్చాడు. రెండో ఓవర్లో వరసగా రెండు సిక్సులు పోయాయి. నేను లాప్‌టాప్‌లో 6, 6 అని కొట్టాను. స్కౌటు స్కోర్‌బోర్డు వైపు చూడనే లేదు, కుర్రాడినే చూస్తున్నాడు. కెప్టెన్ వచ్చి ఏదో చెప్పాడు, బహుశా చదునుగా వెయ్యమని. కుర్రాడు తలూపాడు. ఊపి, తర్వాతి బంతి ఇంకా పైకి వేశాడు. బ్యాటర్ ముందుకొచ్చాడు, బంతి అందలేదు, స్టంప్ అవుట్ కూడా కాలేదు, కీపర్ వదిలేశాడు. బై రెండు పరుగులు. నా రికార్డులో ఆ ఓవర్ ఘోరం. అతని చిన్న నోటుబుక్కులోకి తొంగి చూస్తే ఒక్క ముక్కే ఉంది: ఆరు తర్వాత కూడా గాల్లోకే.

లెగ్ స్పిన్నర్‌లో ఇంకేం చూస్తారంటే, బంతి ఎంత తిరుగుతోందన్నది రెండోది. గాల్లో ఎన్ని చుట్లు కొడుతోంది, ఎక్కడ జారుతోంది, బ్యాటర్ అనుకున్నదానికంటే జానెడు ముందు పడుతోందా లేదా. గట్టిగా తిప్పిన బంతి చెవి పక్కనుంచి పోతే జుయ్ మని తుమ్మెద చప్పుడొస్తుంది. నెట్ వెనక నిలబడి ఆ చప్పుడు కోసం వినే పెద్దలున్నారు. పదమూడేళ్ళకి లైన్, లెంగ్త్ లేకపోయినా నేర్పొచ్చు. ఆ చప్పుడు నేర్పడం చాలా కష్టం.


రికమండేషన్ రాజా | మంగళవారం, ఉదయం 8:02

కథ బాగుంది బ్రో. ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడు?


సైట్‌స్క్రీన్ పక్కన | మంగళవారం, ఉదయం 8:30

ట్రయల్స్ దాకా వెళ్ళాడు, వేలంలో ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తూ వాళ్ళ టీముకి ఆడుతున్నాడు. స్కౌటు రాసుకున్నవాళ్ళందరూ స్టార్లయితే ఐపీఎల్‌లో యాభై టీములు కావాలి.


హర్డిల్స్ అక్క, హనుమకొండ | మంగళవారం, సాయంత్రం 6:45

ఎప్పుడూ క్రికెట్టేనా? మా అథ్లెటిక్స్‌లో వాచీ ఉంది కాబట్టి కళ్ళు చెదిరే గొడవ తక్కువ అనుకుంటారు. అంతేం లేదు.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌కి నాలుగో తరగతిలో తీసుకునేటప్పుడు పిల్లల్ని ఏ ఆటా ఆడించరు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, షటిల్ రన్, నిలబడి దూకే బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం, వంగడం, 800 మీటర్ల పరుగు. ఫ్లయింగ్ స్టార్ట్ ఎందుకంటే, గీత మీద నుంచి బయల్దేరడం నేర్పితే వచ్చేది. కాస్త దూరం నుంచి పరుగెత్తుకొస్తూ గీత దాటాక వాచీ నొక్కితే పిల్ల అసలు వేగం తెలుస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఇప్పుడు ఈ పరీక్షలకే కోచింగ్ ఇస్తున్నారు. బ్రాడ్ జంప్‌లో చేతులు ఎలా ఊపాలో నెల రోజులు నేర్పితే, ఏమీ తెలియకుండా తండా నుంచి వచ్చిన పిల్ల కంటే ముందుంటారు. నేను పిల్లల్ని చూసేటప్పుడు మొదటి దూకుడు లెక్కలోకి తీసుకోను. ఒక్క మాట చెబుతాను, "చేతులు వెనక నుంచి ఊపు బిడ్డా" అని. రెండో దూకుడికీ మూడో దూకుడికీ ఎంత పెరిగిందో చూస్తాను. చెప్పగానే ఎంత పట్టుకుంటుందన్నది నాకు దూరం కంటే ముఖ్యం.

జ్యోతి యర్రాజీని చూడండి. విశాఖ అమ్మాయి, నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పనిచేసేది. బడిలో పీఈటీ ఆమె పొడుగు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందన్నారు. అక్కడ మొదలైంది. 2022 మేలో సైప్రస్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో 13.23 సెకన్లతో, 2002 నుంచి ఉన్న 13.38 జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. దానికి నెల ముందు కోజికోడ్‌లో 13.09 పరుగెత్తింది కానీ వెనక నుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లు ఉందని లెక్కలోకి రాలేదు, 2.0 వరకే ఒప్పుకుంటారు. స్కౌటు పనికి కూడా ఇలాంటి గాలి మీటరొకటి ఉంటే బాగుండేది. ఈ పిల్ల వేగంలో తన సొంతం ఎంత, వెనక నుంచి తోసిన గాలి ఎంత అని.

మా వరంగల్ జిల్లా కల్లెడ దీప్తి జీవాంజి కూడా అంతే, ఊరి బడిలో పీఈటీ కళ్ళే మొదటి స్కౌట్ కళ్ళు. పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచు తెచ్చింది. పెద్ద స్కౌట్ల గురించి మాట్లాడుతున్నారు కానీ మన రెండు రాష్ట్రాల్లో అసలు స్కౌటు మెడలో విజిల్ వేసుకుని, లెక్కల టీచరు రాకపోతే ఆ క్లాసు కూడా చూసుకునే మనిషి.


డ్రిల్లు మాస్టారు | మంగళవారం, రాత్రి 8:15

హనుమకొండ అక్కయ్య గారూ, ఆ చివరి వాక్యం ప్రింటు తీసి మా ఇంట్లో అతికిస్తాను.


డాలస్ బాబాయ్ | బుధవారం, ఉదయం 6:25

ఇక్కడ అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) వాళ్ళు కుర్రాళ్ళని ఎగిరించి, పరిగెత్తించి, సెకనులో వందో వంతుతో సహా కొలుస్తారు. 2000లో టామ్ బ్రేడీ నలభై గజాలు 5.28 సెకన్లలో పరిగెత్తాడు. అంటే ఈడ్చుకుంటూ వెళ్ళినట్టే. టీములు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 199వ నంబరుకి గానీ ఎవరూ తీసుకోలేదు. తర్వాత ఏడు సూపర్ బౌల్స్ (ఆ లీగ్ ఫైనల్స్) గెలిచాడు. వాళ్ళు కొలిచినవన్నీ కరెక్టే. ఆయన ఆటకి కావలసింది వాళ్ళు కొలవలేదు.

అలాగని కొలతలు వృథా కాదు. బ్రిటన్‌లో 2007లో రోయింగ్ లాంటి ఆటల కోసం "పొడుగువాళ్ళు రండి" అని పిలిచారు. ఆ ఆటలు ముందు ఆడకపోయినా పరవాలేదు, అమ్మాయిలైతే 180 సెంటీమీటర్లు ఉంటే చాలు. హెలెన్ గ్లోవర్ అనే పీఈటీ అమ్మాయికి అంత ఎత్తు లేదు, కొలిచేటప్పుడు మునివేళ్ళ మీద నిలబడిందట. అంతకు ముందు పడవ నడపడం తెలియదు. 2012 లండన్‌లో రోయింగ్ బంగారం. మునివేళ్ళ మీద లేవడం కూడా ఒక టెస్టుగా పెట్టాలేమో.


నాకూ తగిలింది | బుధవారం, రాత్రి 9:00

లెగ్‌స్పిన్ నాన్న గారూ, ఇలాంటప్పుడే ఫోన్లు వస్తాయి, జాగ్రత్త. మా అమ్మాయిని తీసేసిన వారానికి ఒకాయన ఫోన్ చేశాడు. "టాలెంట్ హంట్ అండీ, పెద్ద పెద్ద స్కౌట్లు వస్తారు, ముప్ఫై అయిదు వేలు, కిట్టు ఫ్రీ" అని. మేమున్న పరిస్థితిలో ఎవరేం చెప్పినా నమ్మేస్తాం. కట్టాం. స్కౌటు అని చూపించిన మనిషి రెండు రోజులూ నల్లకళ్ళద్దాలు తీయలేదు. పిల్లలకి సర్టిఫికెట్లు, ఫొటోలు, అరటిపండ్లు. ఆ ఫోన్ నంబరు ఇప్పుడు పనిచేయదు. కిట్టు బ్యాగు జిప్పు కూడా ఊడిపోయింది.


మోడరేటర్ | బుధవారం, రాత్రి 9:20

పేరు రాయనందుకు థాంక్స్. ఎవరూ అడగొద్దు, ఊహించొద్దు. అసలు స్కౌటు తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకోడు, అతనికి జీతం ఇచ్చేది క్లబ్బో ఫ్రాంచైజీయో.


అంకెల పిచ్చోడు | గురువారం, ఉదయం 10:10

ఇక్కడ అందరూ "కన్ను, కన్ను" అంటున్నారు. కన్ను అలిసిపోతుందని మాస్టారే ఒప్పుకున్నారు కదా. స్కోర్‌షీట్ అలిసిపోదు. మన విశాఖ నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 441. అది చూడ్డానికి ఏ దివ్యదృష్టీ అక్కర్లేదు. ప్రతి జిల్లా మ్యాచ్‌కీ బంతి బంతికీ స్కోర్ రాసి ఒకచోట పెడితే రికమండేషన్ రాజా గారికి పని తప్పుతుంది.


సైట్‌స్క్రీన్ పక్కన | గురువారం, మధ్యాహ్నం 2:00

తమ్ముడూ, నేను తినేది ఆ అంకెల కూడే. కానీ పదమూడేళ్ళ పిల్లాడికి అంకెలు ఎక్కడివి? సెలెక్టయితేనే మ్యాచ్, మ్యాచ్ ఆడితేనే అంకె. పైగా ఎవరి మీద కొట్టాడు, ఏ పిచ్ మీద కొట్టాడు అనేది చూడాలి. మ్యాటింగ్ మీద గిర్రున తిరిగిన బంతి టర్ఫ్ మీద నిద్రపోతుంది. నితీశ్ విషయంలో కూడా 441 తర్వాత ఐపీఎల్‌కి అయిదేళ్ళు పట్టింది, 20 లక్షలకే తీసుకున్నారు.

స్పీడ్ గన్ సంగతీ చూశాం. ఉమ్రాన్ మాలిక్ నెట్ బౌలర్‌గా వచ్చి గంటకి 150 కిలోమీటర్లు దాటించేసరికి అందరం ఎగిరి గంతేశాం. 2022 ఐపీఎల్‌లో 157 వేశాడు, 22 వికెట్లు తీశాడు. ఆ తర్వాత టీమిండియాలో నిలదొక్కుకోలేకపోయాడు. గన్ అబద్ధం చెప్పలేదు, మనం ఆ ఒక్కటే అడిగాం.

మంచి స్కౌటు ఏం చేస్తాడంటే, ఒకసారి చూసి తేల్చడు. మూడు వేర్వేరు రోజులు, మూడు పిచ్‌లు, వీలైతే ఓడిపోతున్న మ్యాచ్ ఒకటి చూస్తాడు. తనకి నచ్చినవాణ్ణి ఇంకొకరి చేత చూపిస్తాడు, తను ఏమనుకున్నాడో ముందుగా చెప్పకుండా. ధోనీని 2003లో జంషెడ్‌పూర్‌లో చూసిన బీసీసీఐ స్కౌటు ప్రకాశ్ పొద్దార్ కూడా ఆకాశానికి ఎత్తేస్తూ రాయలేదు. బాదుడు బాగుంది, పరుగు బాగుంది, కీపింగ్ మాత్రం మెరుగుపడాలి అన్నట్టు రాశాడు. బీసీసీఐ టాలెంట్ వింగ్ పథకానికి అప్పట్లో పంతొమ్మిదేళ్ళ పరిమితి, ధోనీకి అప్పటికే ఇరవై ఒకటి. ఆ వింగ్ పెద్ద దిలీప్ వెంగ్‌సర్కార్ ఆ రూలు పక్కనపెట్టాడు. రూలు పట్టుకుని కూర్చుని ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

పనిలో పని, లెగ్‌స్పిన్ నాన్న గారికి: ఫోన్ వికెట్ల వెనక, కీపర్ తల ఎత్తులో పెట్టి 24 బంతులు తీయండి. పిచ్ మీద గుడ్ లెంగ్త్‌లో సుద్దతో చాప అంత డబ్బా గీయండి. ఎన్ని అందులో పడ్డాయో రాయండి. స్లో మోషన్‌లో కుట్టు ఎటు తిరుగుతోందో చూడండి. నెలకోసారి ఇలా తీసి దాచండి. అండర్-16కి వెళ్ళినప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.


డ్రిల్లు మాస్టారు | గురువారం, రాత్రి 7:30

ఇంకో ముక్క. సచిన్ కుర్రాడిగా ఉన్నప్పుడు చెన్నై ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌కి ఫాస్ట్ బౌలర్ అవుదామని వెళ్ళాడు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ చూసి, "నువ్వు బ్యాటింగ్ చేసుకో" అని పంపేశాడు. బ్యాడ్మింటన్‌లో మన శ్రీకాంత్ కిదాంబి మొదట్లో డబుల్స్ ఆడేవాడు, గోపీచంద్ సింగిల్స్‌కి మార్చాక 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. కాబట్టి "వద్దు" అన్నవాడు దేనికి వద్దన్నాడో కూడా అడగాలి. మీవాడికి చెప్పింది "చిన్నగా ఉన్నాడు" అని. బంతి బాలేదని ఎవరూ అనలేదు కదా.


లెగ్‌స్పిన్ నాన్న | రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:50

ఆలస్యమైంది, క్షమించండి. అందరి పోస్టులూ మా ఆవిడకి చదివి వినిపించాను. డాలస్ బాబాయ్ గారి మునివేళ్ళ కథ మావాడు రెండుసార్లు చదివించుకున్నాడు.

వంటింటి తలుపు పక్కన గోడ మీద రెండు గీతలు పెట్టాం. పీట మీద కూర్చోబెట్టినప్పుడు మెడ సాగదీస్తున్నాడని వాళ్ళమ్మ నెత్తి మీద చిన్నగా మొట్టింది. నిలబడితే 146.4. టాలెంట్ హంట్ ఫోన్ మాకూ వచ్చింది, పెట్టేశాను.

ఇవాళ పొద్దున కాలేజీ గ్రౌండ్‌కి వెళ్ళాం. సుద్దతో డబ్బా గీశాను, ఇటుకల మీద ఫోన్ పెట్టాను. మొదటి పన్నెండు బంతుల్లో అయిదు డబ్బాలో పడ్డాయి, మూడు ఫుల్ టాస్. పదమూడోదానికి ఆగిపోయాడు. "నాన్నా, ఫోన్ తీసెయ్యి, వెనకాల నువ్వు నిలబడు, కీపర్ లేకపోతే ఎంతసేపని బంతి తెచ్చుకుంటాను" అన్నాడు. నేను జన్మలో కీపింగ్ చేయలేదు. నిలబడ్డాను. అదేదో తుమ్మెద చప్పుడన్నారే, అది విన్నానండీ. బంతి చెవి పక్కన కాదు, తిన్నగా నా బొటనవేలు మీదకే వచ్చింది. ఇప్పుడు ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను.


వాపుకి ఐస్ | ఆదివారం, రాత్రి 9:58

నా పేరు చూశారుగా. పది నిమిషాలు పెట్టి తీయండి, నేరుగా చర్మం మీద వద్దు, తువ్వాలు చుట్టండి. వేలు వంగకపోతే రేపు ఎక్స్‌రే.


రికమండేషన్ రాజా | ఆదివారం, రాత్రి 10:15

ఆ పన్నెండు బంతుల వీడియో పెట్టండి సార్. చూస్తాం.